కళ్ళెం తీసిన ఫోన్

బొమ్మకి చూపు వచ్చేది నల్లగుడ్డుతో కాదు, దాని మీద పెట్టే తెల్ల చుక్కతో. ఆ చుక్క ఆవగింజలో సగం కూడా ఉండదు. వెంట్రుకవాసి పక్కకి జరిగిందా, బొమ్మ మనల్ని చూడదు. మన భుజం మీదుగా వెనక ఇంకెవర్నో చూస్తుంది. అందుకే ఆమె ఊపిరి బిగబట్టి రెండు కళ్ళూ ఒకేసారి ముగిస్తుంది. చుక్క, చుక్క. ఊపిరి వదలడం. మేకు మీంచి తల తీసి ఆరబెట్టే చట్రంలో గుచ్చడం. ఇంకో తల అందుకోవడం.

చట్రం నిండా తలలే. కిటికీలోంచి పడే ఎండలో అన్నీ ఆమెనే చూస్తుంటాయి. మధ్యాహ్నం వేళ ఆ చూపుల మధ్య కూర్చుంటే నిద్రా కాని మెలకువా కాని ఏదో స్థితిలో తేలుతున్నట్టు ఉంటుంది ఆమెకి. చప్పుడు అనేది పుట్టినప్పటి నుంచీ తెలియదు. అవతలి హాల్లో యంత్రాలు నడుస్తున్నాయని బల్లకి ఆనించిన మోచేతికి తెలుస్తుంది. ఎవరో వస్తున్నారని చెక్కనేల పాదాలకి చెబుతుంది.

నేల చెప్పింది. బరువైన, తొందర అడుగులు. సూపర్‌వైజర్.

ఆయనకి ఆమె పెట్టుకున్న సైగపేరు గడియారం. మణికట్టు మీద వేలితో రెండు సార్లు తడితే ఆయనే. రోజంతా టైము చూసుకుంటూ తిరిగే మనిషి. ఇప్పుడు కూడా చూసుకుని, అట్టపెట్టె మూత ఒకటి చింపి దాని మీద రాశాడు.

"కొత్తమ్మాయిలకి కళ్ళు దిద్దడం నేర్పే మనిషి మానేసింది. శుక్రవారం మేనేజరు గారు మళ్ళీ ఇంటర్వ్యూ పెడుతున్నారు. నీ పేరు ఇచ్చాను."

ఆమె ముఖం వెలిగింది. అది చూసి ఆయన పెన్ను మూత మళ్ళీ తీశాడు. కింద ఇంకో ముక్క చేర్చాడు.

"పోయినసారిలా నిదానించకు."

భుజం తట్టి వెళ్ళిపోయాడు. ఆయన ఉద్దేశం మంచిదే. ఆమె కుంచె అందుకుని తర్వాతి తలకి చుక్క పెట్టింది. బొమ్మ ఆమె భుజం మీదుగా వెనక్కి చూసింది. గుడ్డకి రంగు చెరిపే మందు అద్ది ఆ చూపు తుడిచేసింది.

పోయినసారి ఫోన్లో వీడియో దుబాసీ కనిపించింది. ఎక్కడో దూరాన ఆఫీసులో కూర్చుని, మేనేజరు మాటలని సైగల్లోకి, ఈమె సైగలని మాటల్లోకి మార్చే మనిషి. ఆ దుబాసీ చేతులు గడ్డం దగ్గర కనిపించి, మధ్యలో ఏమీ లేకుండా గుండె దగ్గర తేలేవి. కాసేపు కొయ్యబారేవి. ఏది మాటో, ఏది ఆగిపోయిన బొమ్మో తెలియక ఈమె ఎదురుచూసేది. ఆ ఎదురుచూపుని మేనేజరు ఇంకోలా లెక్కగట్టాడు. బుర్ర మందం అనుకున్నాడు.

*

మరిది దుకాణం వెడల్పు ఒక మనిషి చేతులు చాపినంత. అందులోనే బల్ల, భూతద్దం దీపం, వేడిగాలి గొట్టం, విప్పి పడేసిన ఫోన్ల గుట్ట, ఆ గుట్ట వెనక అతను. అతని సైగపేరు మిడత. పొడుగు కాళ్ళు స్టూలు కింద ఇమడక ఎప్పుడూ మోకాళ్ళు పైకి లేచి ఉంటాయి.

అట్టముక్క చదివి అతను పకపకా నవ్వాడు. ఆ నవ్వు బల్ల అదరడంలో ఆమెకి తెలిసింది.

"నిదానమా? నువ్వా? మా అన్నతో నువ్వు పోట్లాడేటప్పుడు చూడాలి వాళ్ళు. నీ చేతులు కనపడవు, గాలి మాత్రం తగులుతుంది."

అతను నోటితోనూ చేతులతోనూ కలిపి మాట్లాడతాడు. సైగలు సగం తప్పులే.

"ముందు ఆ పట్టకారు కింద పెట్టు," అంది ఆమె. "చేతిలో అది పెట్టుకుని మాట్లాడుతుంటే నత్తి వస్తోంది నీకు."

పట్టకారు కింద పెట్టాడు. ఆమె తన ఫోన్ ముందుకి తోసింది.

"నిదానం నేను కాదు, ఇది."

"ఇది నిదానం అని ఇప్పుడు తెలిసిందా? దీని వయసుకి దీనికి మనవలు ఉండాలి వదినా. కొత్తది తీసుకోమంటే వింటావా?"

"శుక్రవారం లోపల కొత్తది చెట్టుకి కాస్తుందేమో చూసి కోసుకురా."

అతను గోరుతో మీసం గీరుకున్నాడు. ఆలోచిస్తున్నాడంటే అదే గుర్తు. తర్వాత ఫోన్‌ని వెల్లకిలా పడుకోబెట్టి, దాని వీపు మీద వేలితో ఒక మూల చూపించాడు.

"ఇక్కడ పెద్ద మెదడు ఉంటుంది. దాన్ని ఆనుకుని ఒక చిన్న మెదడు. సిగ్నల్ ప్రాసెసర్ అంటాం. కెమెరా తీసిన బొమ్మలన్నీ మూటలు కట్టి అవతలికి పంపేది అదే. అవతల నుంచి వచ్చిన మూటలు విప్పి చూపించేదీ అదే. అది వేడెక్కకూడదని, బ్యాటరీ తినేయకూడదని, చేసినవాడే దానికి కళ్ళెం వేసి వదిలాడు. ఇంతకంటే వేగంగా పోకు అని. ఆ కళ్ళెం తీయొచ్చు. ఆటల పిచ్చివాళ్ళకి పెద్ద మెదడుకి తీస్తూనే ఉంటా. చిన్నదాని జోలికి మాత్రం ఎప్పుడూ పోలేదు."

"పోతే ఏమవుతుంది?"

"పరిగెడుతుంది. లేదా చస్తుంది."

రెండో మాటకి అతను చేసిన సైగ ఎంత హుషారుగా ఉందంటే ఆమెకి నవ్వాగలేదు. కానీ ఫోన్ మీద చెయ్యి మాత్రం తీయలేదు. దూరపు ఊళ్ళో ప్రెస్సులో పనిచేసే భర్త ఆమెకి కనిపించేది ఇందులోనే. చేతులతో మాట్లాడేవాళ్ళకి ఉత్తరం సరిపోదు, ఫోటో సరిపోదు.

కాసేపటికి చెయ్యి తీసింది.

అతను వేడిగాలి గొట్టం అంచు చుట్టూ తిప్పాడు. జిగురు మెత్తబడ్డాక పల్చటి రేకు దూర్చి వెనక మూత లేపాడు. తీగ తగిలించి, పక్కనున్న కంప్యూటర్లో ఏవో వరసలు రాయడం మొదలుపెట్టాడు. రాయడం, ఫోన్ ఆర్పి వెలిగించడం, ఆమె వైపు చూసి "మాట్లాడు" అనడం. ఆమె ఫోన్ కెమెరా ముందు చేతులాడిస్తే, ఇద్దరూ దుకాణంలోని ఇంకో ఫోన్లో చూసేవారు.

మొదట ఏమీ మారలేదు. ఇంకాస్త పెంచాడు. ఆమె వేళ్ళు రెట్టింపయ్యాయి. ఇంకొంచెం పెంచాడు. తెర మొత్తం పచ్చగా మారి, ఆ పచ్చదనంలోనే బిగుసుకుపోయింది. ఆమె చెయ్యి ఫోన్ మీదికి పోయింది. మరిది మాత్రం ఆవలించి, ఒక మెట్టు దించి మళ్ళీ వెలిగించాడు.

"చావలేదు. అలిగింది అంతే. రేపు బుజ్జగిస్తా."

మరునాటి సాయంత్రం ఆమె వెళ్ళేసరికి అతను చిప్ మీద బూడిదరంగు ముద్ద పూసి, దాని మీంచి రాగిరేకు ఒకటి ఫోన్ వీపు దాకా పరుస్తున్నాడు. వేడి ఒకచోట నిలవకుండా పాకిపోవడానికట. ఆ రేకుని అతను గోటితో నొక్కి నునుపు చేసే తీరు చూస్తే ఆమెకి ముచ్చటేసింది. ఊపిరి బిగబట్టే చేస్తున్నాడు.

"ఇప్పుడు మాట్లాడు."

ఆమె చెయ్యి గడ్డం దగ్గర నుంచి గుండె దగ్గరకి తెచ్చింది. పక్క ఫోన్లో ఆ చెయ్యి గడ్డం వదిలింది, గాలిలో కొంచెం పక్కకి ఒరిగింది, వేళ్ళు ఒకటొకటిగా విచ్చుకున్నాయి, గుండెని తాకాయి. ఎక్కడా తెగలేదు. మాట ఉండేది చెయ్యి ఆగే చోట్లలో కాదు, ఆ మధ్య దారిలో. ఇన్నాళ్ళూ ఫోను ఆ దారినే మింగేసింది.

ఆమె ఇంకోసారి చేసింది. ఇంకోసారి. మరిది చూసీ చూసీ తన మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకున్నాడు.

"ఒక్కటి గుర్తుపెట్టుకో వదినా. ఎక్కువసేపు నడిస్తే కాలిపోతుంది. మరీ కాలిందా, ఠక్కున ఆరిపోతుంది. ఏం చెప్పాలన్నా చప్పున చెప్పేయి."

*

ఆ సాయంత్రమే ఫోన్లో భర్త కనిపించాడు. ప్రెస్సు వెనక మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ముంజేతికి సిరా. ఎప్పటిలాగే ఒక్కో సైగా ఇటుకలు పేర్చినట్టు పెట్టాడు.

"తిన్నావా. నేను. బాగున్నా. పని. మామూలే."

"పసిపిల్లకి చెప్పినట్టు ఏమిటా మాటలు?" అంది ఆమె.

"నీ ఫోను కోసం."

"ఫోను బాగైంది. నీ తమ్ముడి పుణ్యం. మామూలుగా చెప్పు."

అతను నమ్మలేదు. అటూ ఇటూ చూసి, పరీక్షగా ఒక బూతు సైగ మెరుపులా చేసి చేతులు దాచేసుకున్నాడు. ఆమె కళ్ళురిమింది. అతని ముఖం విప్పారింది.

అప్పుడు మొదలైంది. కాగితం చుట్ట ఒకటి కొక్కెం తప్పించుకుని హాల్లో దొర్లుకుంటూ వచ్చిన వైనం చెప్పాడు. అతని చేతుల్లో చుట్ట దొర్లింది, వెనకే తెల్లటి కాగితం దారి పరుచుకుంది, ఫోర్‌మన్ బల్ల ఎక్కాడు, బల్ల ఒరిగింది. ఆ కాగితం దారి ఫోన్ దాటి తన గదిలోకి వచ్చి, మంచం మీంచి పొర్లి, కిటికీలోంచి దిగి వీధి పొడుగునా పరుచుకున్నట్టు అనిపించింది ఆమెకి. ఎన్నాళ్ళకో. బడిలో వెనక బెంచీ దగ్గర మొదటిసారి చూసిన చేతులు అవే. అదే దుడుకు, అదే చివర చిటికెనవేలి విరుపు.

చుట్ట కథ అయ్యాక పక్కగది వాడి గురించి, మెట్ల కింద ఈనిన పిల్లి గురించి, తనకి వచ్చిన ఒక కల గురించి చెప్పాడు. కలలో అందరూ చేతులు జేబుల్లో పెట్టుకుని తిరుగుతున్నారట.

"ఇవన్నీ ఎప్పుడు జరిగాయి?" అంది.

"ఎప్పటెప్పటివో."

"చెప్పకుండా ఏం చేశావు ఇన్నాళ్ళూ?"

"ఏం చేస్తాను, మింగేశాను. అరిగిపోయాయి కూడా. ఇటుకలు పేర్చి చెప్పేంత గొప్ప సంగతులా ఇవి? నువ్వు కూడా ఊ, ఆ తప్ప ఏమీ అనేదానివి కాదు. ముభావంగా అయిపోయావనుకున్నా."

"నేను నిన్ను అనుకున్నా."

ఫోన్ అరచేతిలో, పొదుగుతున్న గుడ్డులా వెచ్చగా ఉంది.

శుక్రవారం సంగతి చెప్పింది. అతను వెంటనే మేనేజరైపోయాడు. పెన్సిలు పైపెదవి మీద బిగించి, పొట్ట ముందుకి తోసి, ప్రశ్న అడిగాడు. ఆమె జవాబు చెప్పింది.

"చూసుకున్నావా?" అన్నాడు పెన్సిలు తీసేసి. "నువ్వూ ఇటుకలే పేరుస్తున్నావు."

ఆమె తన చేతుల వంక చూసుకుంది. నిజమే. ఒక సైగ చేసి, ఆగి, అవతలికి చేరిందా అని చూసి, అప్పుడు ఇంకోటి. ఎప్పుడు అలవాటైందో తెలియదు. మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. సగంలో పాత అలవాటు అడ్డం వచ్చింది. మళ్ళీ చెప్పింది. ఫోన్ బాగా వేడెక్కి తెర మసకబారే వరకూ చెబుతూనే ఉంది.

*

మేనేజరు గదిలో గాజుబల్ల. చల్లగా ఉంది, అది మంచిదే అనుకుంది ఆమె. పెన్నులు పెట్టే డబ్బాకి ఫోన్‌ని ఆనించి నిలబెట్టింది. బల్లకి అవతల మేనేజరు, పక్క కుర్చీలో గడియారం.

తెర మీద దుబాసీ వచ్చింది. వెనక బూడిదరంగు గోడ, ఒంటి మీద నల్లచొక్కా. మనిషి అదే, పోయినసారి మనిషే. కానీ ఈసారి నీళ్ళలోంచి బయటికి వచ్చినట్టు ఉంది. చెవి దగ్గర నెరిసిన వెంట్రుకలు, వేలికి సన్నటి ఉంగరం, కళ్ళ కింద అలసట, అన్నీ కనిపిస్తున్నాయి.

"నమస్కారం. కనిపిస్తున్నానా?"

"బాగా కనిపిస్తున్నారు."

మేనేజరు మాట్లాడటం మొదలుపెట్టాడు. పెదవులు చాలాసేపు కదిలాయి. ఒక చెయ్యి గాలిలోకి లేచి పడింది. గడియారం వైపు తిరిగి ఏదో అన్నాడు. గడియారం నవ్వి, నవ్వినందుకు తల దించుకున్నాడు.

దుబాసీ చేతులు లేచాయి. "అనుభవం ఎన్నేళ్ళు?"

చేతులు ఒడిలోకి దిగిపోయాయి.

ఆమె మిగతాదాని కోసం ఎదురుచూసింది. బొమ్మ ఆగింది, ఇప్పుడు కదులుతుంది, అనుకుంది. పోయినసారి అనుకున్నట్టే. కానీ దుబాసీ కనురెప్ప వాలి లేచింది. చెవి పక్క వెంట్రుక ఫ్యాను గాలికి అల్లాడింది. ఉంగరాన్ని బొటనవేలు అటూ ఇటూ తిప్పుతోంది.

బొమ్మ ఆగలేదు. చేతులే ఆగాయి.

ఆమె వెన్ను మెల్లగా నిటారైంది. పోయినసారి తను ఎదురుచూసిన ఖాళీలన్నీ ఒకటొకటిగా కళ్ళముందు నిలిచాయి. వాటిలో ఫోను మింగినవెన్ని? అసలు పుట్టనే పుట్టనివెన్ని?

"ఆయన ఇంకా చాలా మాట్లాడారు," అంది. "మిగతాది చెప్పండి."

దుబాసీ కొంచెం తడబడింది. "ప్రశ్న అదేనండీ. మిగతాది ముఖ్యం కాదు."

"ముఖ్యమో కాదో నేను చూసుకుంటాను. దగ్గుతో సహా చెప్పండి."

"మీ వైపు వీడియో ఎప్పుడూ తెగిపోయేది. ఎక్కువ చెబితే మీకు అందదని కుదించి చెప్పేదాన్ని. అదే అలవాటైపోయింది."

"ఇప్పుడు తెగుతోందా?"

"లేదు."

"మరి?"

దుబాసీ కుర్చీలో సర్దుకుంది. ఉంగరం తీసి పక్కన పెట్టింది. తర్వాత చేతులు లేచాయి, ఆగలేదు.

"ఆయన ఇలా అన్నారు. 'ఎన్నేళ్ళ నుంచో ఆ బల్ల దగ్గరే ఉంది, పనికి వంక పెట్టలేం. కానీ మొన్న అడిగినదానికల్లా దిక్కులు చూసింది. ఈవిడ నేర్పడం మొదలుపెడితే ఆ పిల్లలు రిటైరయ్యేలోపు ఒక కన్ను దిద్దుతారు. పిలిచామనిపించుకుని పంపించేద్దాం. ఏమమ్మా, అనుభవం ఎన్నేళ్ళు?' సూపర్‌వైజర్ గారు నవ్వారు."

చెంపలు వేడెక్కాయి ఆమెకి. గడియారం వైపు చూసింది. ఆయన టైము చూసుకున్నాడు.

ఆమె చేతులు లేచాయి. ఇటుకలు కాదు ఈసారి.

"మొన్న నాకు చేరింది సగం ప్రశ్న. సగం ప్రశ్నకి దిక్కులు చూడక ఏం చూడమంటారు? ఇవాళ మొత్తం వస్తోంది. పిల్లల రిటైర్‌మెంటుతో సహా వచ్చింది. మొదటి నుంచి అడగండి."

దుబాసీ పెదవులు కదులుతుంటే మేనేజరు ముఖంలో రంగు మారడం ఆమె చూస్తూ కూర్చుంది. ఆయన ముందుకి వంగి ఫోన్‌తో ఏదో అన్నాడు.

"'అది కూడా చెప్పేశారా' అని నన్ను అడుగుతున్నారు," అంది దుబాసీ. "'చెప్పడమే నా పని' అన్నాను. గొంతు సవరించుకుంటున్నారు. నీళ్ళు తాగుతున్నారు. అది మీకూ కనిపిస్తోంది అనుకోండి. ఆ, అడుగుతున్నారు. 'చెయ్యి వణికే అమ్మాయి వస్తే ఏం చేస్తారు?'"

ఈసారి 'మీరు' అన్నాడు. దుబాసీ అన్నదో, ఆయనే అన్నాడో.

"వణుకు చేతిది కాదు, ఊపిరిది. అందుకని ముందు కుంచె ఇవ్వను. ఊపిరి ఎక్కడ ఆపాలో, ఎక్కడ వదలాలో నేర్పుతాను. తర్వాత చిటికెనవేలు." ఆమె లేచి బల్ల చుట్టూ వెళ్ళి, గడియారం చెయ్యి పట్టుకుంది. ఆయన బిత్తరపోయాడు. ఆయన వేళ్ళ మధ్య డబ్బాలోని పెన్ను ఒకటి ఇరికించి, చిటికెనవేలిని గాజు మీద గట్టిగా నొక్కింది. పెన్ను ములుకు అంతవరకూ తూనీగలా ఊగుతున్నది కాస్తా నిలిచిపోయింది. ఆ ములుకుని ఆయనే వింతగా చూసుకున్నాడు.

ఆమె ఫోన్ ముందుకి తిరిగి వచ్చింది. "ఇది కాళ్ళు ఊనుకోవడం లాంటిది. చెయ్యికి కూడా నిలబడటానికి నేల కావాలి. మొదటి రోజులు పారేసిన తలల మీదే. చూపు ఎటో పోయిన తలలు ఒక బుట్టలో దాచి ఉంచాను. ఏది ఎందుకు పక్కకి చూస్తోందో వాళ్ళనే కనిపెట్టమంటాను."

"'మాట లేకుండా ఎలా నేర్పుతారు' అంటున్నారు."

"నేను ఇప్పుడు చేసిందేమిటి? సూపర్‌వైజర్ గారికి మాటతో చెప్పానా?"

మేనేజరు తన చిటికెనవేలిని బల్ల అంచుకి ఆనించి చూసుకున్నాడు. ఎవరూ చూడలేదనుకుని తీసేశాడు.

ఫోన్ మూలన ఎర్రటి గుర్తు వెలిగింది. ఆమె అంచు తాకి వేలు వెనక్కి లాక్కుంది. కాలుతోంది. దుబాసీ ముఖం చుట్టూ చిన్న చిన్న గళ్ళు లేవడం మొదలైంది. పోయినసారైతే ఇక్కడ తన చేతులు వాటంతటవే మెల్లబడేవి. ఇవాళ మెల్లబడలేదు. అందకపోతే వాళ్ళే మళ్ళీ అడుగుతారు.

మేనేజరు గడియారం వైపు పూర్తిగా తిరిగిపోయాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏదో అంటున్నాడు. ఆమెతో కాదు. ఇలాంటి చోట దుబాసీలు చేతులు దించుకుంటారు.

గళ్ళ మధ్య నుంచి దుబాసీ చేతులు గబగబా లేచాయి.

"మీతో కాదు, ఆయనతో అంటున్నారు. 'గట్టిదేనయ్యా. సోమవారం నుంచి ముగ్గురమ్మాయిలనీ ఈవిడ దగ్గర కూర్చోబెట్టు. ఇప్పుడే చెప్పకు, రెండు రోజులు ఆగి చెబుదాం. లేకపోతే నెత్తికెక్కి...'"

తెర నల్లబడింది.

మేనేజరుకి అది తెలియలేదు. ఆయన ఆమె వైపు తిరిగి, చేతులు కట్టుకుని, గంభీరంగా, చాలాసేపు మాట్లాడాడు. ఆరిపోయిన ఫోన్‌తోనే. గడియారం గమనించి, ఫోన్ చూపించి ఆయన చెవిలో చెప్పాడు. తర్వాత కాగితం లాక్కుని రాశాడు. "ఆలోచించి తర్వాత చెబుతారట. కంగారుపడకు."

ఆమె చదివింది. తలాడించింది. మేనేజరుకి నమస్కారం పెట్టింది. కాలుతున్న ఫోన్‌ని చొక్కా అంచుతో పట్టుకుని జేబులో వేసుకుంది. ముఖం మాత్రం కదలనివ్వలేదు.

గడియారం వెనకే వచ్చాడు. హాల్లోకి దిగాక ఆమె తన బల్ల వైపు వెళ్ళలేదు. ప్యాకింగ్ వాళ్ళ పక్కన గోడకి ఒకదాని మీద ఒకటి ఎక్కించి ఉన్న స్టూళ్ళ దగ్గరకి వెళ్ళింది. పైది దించింది. దుమ్ము దులిపింది. ఇంకోటి దించింది. ఇంకోటి.

మూడూ ఒక్కసారి రాలేదు. రెండు విడతలుగా తన బల్ల దగ్గరకి మోసుకెళ్ళి, వెలుతురు సరిగా పడేలా కిటికీ వైపు వరసగా వేసింది. నడి స్టూలు కొంచెం వెనక్కి జరిపి, తన కుర్చీలో కూర్చుని అక్కడి నుంచి మూడూ కనిపిస్తున్నాయో లేదో చూసుకుంది.

గడియారం స్టూళ్ళ వంక, ఆమె జేబు వంక, మళ్ళీ స్టూళ్ళ వంక చూశాడు. అట్టముక్క కోసం చుట్టూ వెతికాడు గానీ, దొరికినా ఏం రాయాలో ఆయనకి తోచినట్టు లేదు.